పెదవి ముందు, మాట వెనక

మనిషి ముందు నోరు తెరవాలి. మాట ఆ తర్వాత రావాలి. రెండూ ఒకేసారి జరిగిపోవడం శుద్ధ తొందరపాటు!

ఇది నేను వేళాకోళానికి అనడం లేదు. రెండు నెలల పాటు మా హాల్లో కూర్చుని, కళ్లారా చూసి, చెవులారా విని, చూసినదానికీ విన్నదానికీ ఒక్కసారి కూడా పొత్తు కుదరకపోవడం గమనించి, అందులోని మేలు గ్రహించి మరీ రాస్తున్నాను. హోమ్ థియేటర్లు కొనుక్కున్న చాలామంది ఇళ్లల్లో బొమ్మ ఒక దారి, మాట ఒక దారి అవుతోందని విన్నాను. అయ్యా, అమ్మా, బాధపడకండి. అది జబ్బు కాదు, భాగ్యం!

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మా నాన్నగారు శేషగిరి మాస్టారు. అవనిగడ్డకి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న మా ఊరి హైస్కూల్లో ముప్ఫై రెండేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. రిటైరైన మనిషికి ఏదో ఒక వ్యాపకం ఉండాలని అందరూ పోరితే, ఆయన హోమ్ థియేటర్ కొన్నారు. టీవీ కింద రెండు మూరల పొడుగున ఒక స్పీకరు. మూలన బియ్యం డబ్బా అంత ఇంకొకటి. దాని పని గుండెలు అదరగొట్టడం. సోఫా వెనక గోడకి రెండు చిన్నవి. వాటి పనేమిటో ఇప్పటికీ మాకెవరికీ తెలియదు.

మొదటి రెండు రోజులూ అది మామూలుగానే పలికింది. మూడో రోజు నుంచి మాట వెనకబడింది. మనిషి పెదవులు కదిపేశాక అప్పుడు తీరిగ్గా మాట వచ్చేది, ముహూర్తం దాటాక వచ్చి నేరుగా భోజనాల దగ్గర కూర్చునే చుట్టంలాగా.

మేమూ మొదట కంగారుపడ్డాం. తర్వాత్తర్వాత నాకు దీని గొప్పతనం తెలిసివచ్చింది.

సినిమాలో విలన్ సంగతే చూడండి. "నిన్ను ప్రాణాలతో వదలను" అంటాడు. మామూలు ఇళ్లల్లో ఆ మాట విని పిల్లలు జడుసుకుంటారు. మా ఇంట్లో ఆ బెదిరింపు వచ్చేసరికి విలన్ నేలమీద పడి ఉంటాడు. నేలమీద పడ్డవాడు "ప్రాణాలతో వదలను" అంటే ఎవరికి భయం? పాపం అనిపిస్తుంది. ఇంతకన్నా అహింస ఎక్కడుంది?

సీరియల్లో అత్తగారు కోడల్ని చెంపదెబ్బ కొడుతుంది. చెయ్యి తగిలింది, తల తిరిగింది, కన్నీళ్లు వచ్చాయి. చప్పుడు రాలేదు! మనం ఊపిరి బిగబట్టి చూస్తాం. ఇంకా కోపం చల్లారని అత్తగారు చెయ్యి దించుకున్నాక "ఛెళ్లు" మంటుంది. దెబ్బ ఎవరు కొట్టారో, ఎవరికి తగిలిందో తేలని ఆ క్షణంలో అత్తాకోడళ్లిద్దరూ సమానమే. ఇన్నేళ్లుగా ఏ సీరియలూ సాధించలేని సమానత్వం ఒక స్పీకరు సాధించింది.

వార్తల చర్చలైతే చెప్పనే అక్కర్లేదు. నలుగురు కూర్చుని ఒకేసారి అరుస్తుంటే, ఒకాయన మాట ఇంకొకాయన నోట్లోంచి వచ్చేది. ఈ పార్టీ ఆయన నోరు తెరిస్తే ఆ పార్టీ ఆయన వాదన వినిపించేది. దీన్ని లోపం అంటారా? నాకు మాత్రం, వార్తలు మొదటిసారి నిజానికి దగ్గరగా వచ్చినట్టు అనిపించింది.

పొద్దున్నే భక్తి చానల్లో ఒక స్వామివారు ప్రవచనం చెబుతారు. ఆయన పెదవులు మూసి, కళ్లు మూసి, చేతులు జోడించారు. హాలంతా నిశ్శబ్దం. అప్పుడు ఆ నిశ్శబ్దంలోంచి వినిపించింది: "మౌనమే మేలు నాయనా!" నోరు మూసుకుని ఆ మాట అనగలిగిన మహానుభావుణ్ణి మీరెక్కడైనా చూశారా?

మేం చూశాం. మా హాల్లో, రోజూ, ఆరున్నరకి.

ఇక మా అమ్మ సంగతి. అమ్మ పేరు శేషారత్నం. అమ్మకి రెండేళ్లుగా సరిగ్గా వినపడటం లేదు. ఇది ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. అమ్మ అసలే అనదు.

అమ్మ కుక్కర్ కూతలు వినదు, మీద ఉన్న వెయిట్ ఎన్నిసార్లు ఎగిరిందో చూసి లెక్కపెట్టుకుంటుంది. గేటు చప్పుడు వినదు, అరుగు మీద పడుకున్న పిల్లి చెవి వీధివైపు తిరిగితే "ఎవరో వచ్చారు" అంటుంది. మాట్లాడే మనిషి పెదవుల వంక చూస్తుంది. అందరూ నవ్వితే, ముందు నాన్నగారి మొహం చూసి, తర్వాత నవ్వుతుంది. అలా అమ్మ నవ్వు ఎప్పుడూ అందరికన్నా కాస్త వెనక వస్తుంది. నాన్నగారు దీనికి పెట్టిన పేరు పరధ్యానం.

బందరులో చెవుల డాక్టరు ఉన్నారు. నాన్నగారి పాత శిష్యుడు. చల్లపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో చిన్న క్లాసులకి చెబుతాను కాబట్టి నాకు ఆదివారాలే తీరిక. ఆ డాక్టరు ఆదివారం పొద్దున కూడా చూస్తారు. ఇంకేం కావాలి? అమ్మని నేను తీసుకెళ్తానన్నాను.

"నేను లేకుండానా?" అన్నారు నాన్నగారు. "వాడు నా శిష్యుడమ్మాయీ. మాస్టారు ఇంట్లో కూర్చుని ఆడవాళ్లని పంపించాడనుకోడూ? ముగ్గురం కలిసే వెళ్దాం."

ముగ్గురం వెళ్లడానికి ఒక ఆదివారం ఖాయం చేసుకున్నాం. సరిగ్గా ఆ వారమే మాట వెనకబడింది.

"ఈ ఒక్కటీ తేలనివ్వండి," అన్నారు నాన్నగారు. "బందరు షాపు నుంచి మెకానిక్ ఆదివారం వస్తానన్నాడు. వాడొచ్చే టైముకి మనం ఇంట్లో లేకపోతే ఎట్లా? వచ్చే ఆదివారం తప్పకుండా."

"నాకేం తొందర?" అంది అమ్మ, ఆయన పెదవుల వంక చూస్తూ.

మెకానిక్ ఆ ఆదివారం రాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు. మొత్తం ఆరు ఆదివారాలు మేం బందరు నుంచి రాబోయే మనిషి కోసం ఎదురుచూస్తూ, బందరు వెళ్లడం మానుకున్నాం.

ఈలోగా మాకు వైద్యులు లేకపోలేదు. కానీ ముందు పాఠకులకి ఒక రహస్యం చెప్పాలి. రోగం ఎక్కడుందో నాకు మూడో రోజే తెలుసు.

ఆ రోజు నాన్నగారు మాన్యువల్ పుస్తకం పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ మొత్తం చదివేశారు. తర్వాత రిమోట్ తీసుకుని సెట్టింగులు తెరిచారు. బాస్ సున్నా. ట్రెబుల్ సున్నా. ఏవీ సింక్ సున్నా. తెర మీద వరసగా సున్నాలు! ముప్ఫై రెండేళ్లు పేపర్లు దిద్దిన మనిషి. ఇంటికి కొత్తగా వచ్చినవాడికి అన్ని సబ్జెక్టుల్లోనూ సున్నాలంటే ఆయన ప్రాణం ఎలా ఒప్పుకుంటుంది? ఒక్కొక్కటే పెంచుకుంటూ వెళ్లారు. బాస్‌కి పదికి పది. ట్రెబుల్‌కి పదికి పది. ఏవీ సింక్ దగ్గర నొక్కగా నొక్కగా మూడు వందల దాకా వెళ్లి ఆగింది. మూడు వందలకి మూడు వందలు! తృప్తిగా కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఆ మూడు వందలు మార్కులు కావు. మాట ఎంత ఆలస్యంగా రావాలో చెప్పే అంకె. సెకనుని వెయ్యి ముక్కలు చేస్తే అందులో మూడు వందల ముక్కలు.

నేను అన్నాను కూడా. "నాన్నగారూ, అది సున్నా ఉండాలేమోనండీ."

"సున్నాయా?" అని నవ్వారు. "ఒంటరి సున్నాకి విలువేముందమ్మాయీ? ఆరో క్లాసులో చెప్పానుగా!"

మా ఇంట్లో నాకు ఒక మాట రెండుసార్లు చెప్పే అలవాటు లేదు. ఊరుకున్నాను.

మొదట నాడి చూసిన వైద్యుడు తాతారావు. పాలకాయతిప్ప వైపు నుంచి మా వీధికి చేపలు తెస్తాడు. మేం చేపలు తినం. అయినా చిన్నప్పుడు నాన్నగారి దగ్గర చదువుకున్న అభిమానం కొద్దీ మా గుమ్మం ముందు బండి ఆపకుండా వెళ్లడు. గుమ్మం లోంచే కాసేపు టీవీ చూసి తేల్చేశాడు.

"మేస్టారూ, ఇది రిపేరు కాదండీ. దూరం!"

"దూరం ఏంట్రా?"

"సంద్రంలో పక్క పడవోడు కేకేశాడనుకోండి. ముందర నోరు తెరవడం కనపడద్ది. కేక తరవాతొస్తాది. పడవ దగ్గరికి పోనిస్తే రెండూ కలిసిపోతాయండీ. మీరు మరీ ఎనక్కి కూర్చున్నారు."

నాన్నగారి కళ్లు మెరిశాయి. లెక్క దొరికింది! ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి, పది సార్లు కొలిచి, సగటు తీశారు. గాలిలో శబ్దవేగం సెకనుకి మూడు వందల నలభై మీటర్లు. ఆలస్యం సెకనులో పదింట మూడు వంతులు. గుణించారు.

"సోఫా నూట రెండు మీటర్లు ముందుకి జరపాలి," అన్నారు.

నూట రెండు మీటర్లు ముందుకి జరిపితే మా సోఫా టీవీని, గోడని, పక్కింటి మాధవీలత గారి పెరడుని, పంటకాలవని దాటి అవతల వరిచేలో ఉంటుంది. టీవీ ఏమో ఇవతల మా ఇంట్లో ఉంటుంది. నాన్నగారు కూడా ఇది గమనించారు.

"కుదిరినంతవరకూ జరుపుదాం," అన్నారు.

ఇద్దరూ కలిసి జరిపారు. ఆ వారమంతా మేం మోకాళ్లు టీవీ బల్లకి ఆనించుకుని, తెర మీద ఒక్కొక్కరి ముక్కు మాత్రమే చూస్తూ గడిపాం. మాట ఆలస్యంగానే వచ్చింది. అమ్మ మాత్రం సంతోషించింది. అంత దగ్గరగా అమ్మకి పెదవులు బాగా కనిపించాయి.

రెండో వైద్యుడు మా ప్రకాష్ బాబాయి. పెడనలో కలంకారీ అచ్చుల పని. చూడటానికి వచ్చి, టీ తాగుతూ కాసేపు విని, గ్లాసు కింద పెట్టాడు.

"అన్నయ్యా, ఇది మాకు రోజూ ఉండేదే. గీత అచ్చు ఒకచోట పడి, రంగు అచ్చు పక్కకి పడింది. పువ్వు ఇక్కడుంటే ఎరుపు అక్కడుంది."

"మరి మీరేం చేస్తారు?"

"అచ్చు సరిగ్గా కూర్చోనప్పుడు గట్టిగా ఒక్కటేస్తాం."

లేచి వెళ్లి, మడిచిన పిడికిలితో స్పీకరు నెత్తిన రెండు గుద్దులు గుద్దాడు. అరుగు మీది పిల్లి పెరట్లోకి పారిపోయింది. స్పీకరు మీద ఉన్న దుమ్ము లేచింది. మాట ఎప్పటిలాగే వెనకగా వచ్చింది.

"చీర అయితే ఈపాటికి సర్దుకునేది," అన్నాడు బాబాయి, చెయ్యి రుద్దుకుంటూ.

చూశారా? స్పీకరు బాగుండి ఉంటే మా ఇంట్లో సముద్రం గురించి ఎవరు చెప్పేవారు? అచ్చుల గురించి ఎవరు మాట్లాడేవారు? చక్కగా పనిచేసే టీవీ ముందు మనుషులు నోరు మూసుకుని కూర్చుంటారు. పాడైన టీవీ ముందే నలుగురూ చేరి మాట్లాడుకుంటారు. దీన్ని మించిన కుటుంబ సంక్షేమం ఏముంది?

అసలు భాగ్యం ఇంకా చెప్పలేదు.

నాలుగో వారంలో నాన్నగారికి ఒక కొత్త ఆలోచన వచ్చింది. అడుగున అక్షరాలు పెడితే ఆలస్యాన్ని ఇంకా కచ్చితంగా కొలవొచ్చు కదా! సినిమాకి అడుగున తెలుగులో మాటలు పడేలా పెట్టారు. ఒక నోటు పుస్తకం తీసి మూడు గడులు గీశారు. నోరు తెరిచిన సమయం, అక్షరం పడిన సమయం, మాట వినిపించిన సమయం.

ఆ సాయంత్రం ఒక హాస్య సినిమా వస్తోంది. పెళ్లిచూపులకి వచ్చిన పెద్దమనిషి ఏదో అనడానికి నోరు తెరిచాడు. అడుగున అక్షరాలు పడ్డాయి.

అమ్మ ఫక్కున నవ్వింది.

నాన్నగారు పెన్సిలు ఆపారు. మళ్లీ చూడటానికి వచ్చిన బాబాయి తల తిప్పాడు. అప్పుడు మాట వినిపించింది. అప్పుడు వాళ్లిద్దరూ నవ్వారు.

"ఏంటే, ముందే నవ్వావు?" అన్నారు నాన్నగారు.

"మీకిప్పటిదాకా అర్థం కాలేదా?" అంది అమ్మ.

రెండేళ్లలో మొదటిసారి మా ఇంట్లో అందరికన్నా ముందు అమ్మ నవ్వింది! అమ్మ ఎవరి మొహమూ చూడలేదు. మేమే అమ్మ మొహం చూశాం. ఆ తర్వాత రోజూ అదే వరస. అమ్మ నవ్వితే జోకు రాబోతోందని మాకు తెలిసేది. అమ్మ కొంగు కళ్లకి అద్దుకుంటే ఎవరో పోబోతున్నారని తెలిసేది. "వీడు అబద్ధం చెబుతున్నాడు చూడండి," అనేది, వాడి అబద్ధం ఇంకా మా దాకా రాకముందే. మాధవీలత గారు ఒకరోజు చూడటానికి వచ్చి, "శేషారత్నం గారూ, మీకెంత చురుకండీ!" అని బుగ్గన వేలేసుకున్నారు. అమ్మ మొహం వెలిగిపోయింది.

ఇప్పుడు చెప్పండి. రోగం ఎక్కడుందో తెలిసి కూడా నేను రెండోసారి నోరు ఎందుకు విప్పలేదో మీకు అర్థమైందా?

ఏడో ఆదివారం మెకానిక్ సుధీర్ వచ్చాడు. వస్తూనే వైర్లు చూడలేదు, స్పీకరు విప్పలేదు. రిమోట్ తీసుకుని సెట్టింగులు తెరిచి, ఒకసారి నాన్నగారి వంక చూసి, గౌరవంగా గొంతు సవరించుకున్నాడు.

"దీన్ని ఎవరైనా మూడొందల్లో పెట్టారాండీ?"

"నేనే పెట్టాను. ఫుల్లు."

"ఇది సున్నాలో ఉండాలండీ."

"సున్నాలోనా?"

"ఆలస్యం సున్నా ఉంటేనే మంచిది కదండీ మాస్టారూ."

నాన్నగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ పేరు పెట్టిన పద్ధతే తప్పు," అన్నారు చివరికి.

మాటా నోరూ కలిసిపోయాయి. నాన్నగారు ఆనందంగా చప్పట్లు కొట్టారు. చప్పట్లు కూడా సరైన సమయానికే వినిపించాయి. "ఇంక ఈ రాతలెందుకు, తెరంతా పాడు," అని అడుగున పడే అక్షరాలు తీయించేశారు.

ఆ సాయంత్రం ఇంకో హాస్య సినిమా. పెద్ద జోకు. నాన్నగారు విరగబడి నవ్వారు. అమ్మ ఆయన మొహం వంక చూసింది. తర్వాత నవ్వింది.

ఆ మధ్యలో గడిచిన సమయాన్ని నాన్నగారు స్టాప్‌వాచ్‌తో కొలవలేదు. నోటు పుస్తకంలో దానికి గడి లేదు.

"ఇప్పుడిక బందరు వెళ్దామా నాన్నగారూ?" అన్నాను. చూశారా, ఇది మాత్రం నేను చాలాసార్లు అడిగాను.

"వచ్చే ఆదివారమా? సౌండు బాగైంది కదా అని వీధిలో అందర్నీ సినిమాకి పిలిచాను. ఆపై ఆదివారం చూద్దాం."

"నాకేం తొందర?" అంది అమ్మ.

ఆ రాత్రి నేను బాగా నిద్రపోయాను. తెల్లారి నాన్నగారు పాలకేంద్రానికి వెళ్లగానే, దేవుడి గూట్లో వినాయకుడి పక్కన ఆయన దాచిన రిమోట్ తీసుకున్నాను. సెట్టింగులు తెరిచాను. సున్నా దగ్గర నుంచి నొక్కుకుంటూ వెళ్లాను. వంద. నూట యాభై. రెండు వందలు.

వెనక ఎవరో ఉన్నట్టు అనిపించి తిరిగాను. చేతిలో కూరల చిప్పతో అమ్మ నిలబడి ఉంది. చెవులు వినకపోతే ఏం, మా ఇంట్లో అమ్మ కళ్లు తప్పించుకుని జరిగినదేదీ లేదు. మెకానిక్ ఏం నొక్కాడో కూడా చూసే ఉంటుంది.

నేను తప్పు చేసిన దానిలా నిలబడ్డాను. అమ్మ తెర మీది అంకె వంక చూసింది. నా వంక చూసింది.

"రెండొందలు ఆనదే," అంది నెమ్మదిగా. "మీ నాన్నకి అనుమానం రాదు. ఇంకో వంద పెంచు."

పెంచాను. తర్వాత పెరట్లోకి వెళ్లి సుధీర్‌కి ఫోన్ చేసి, మళ్లీ మూడొందలైందని, నాన్నగారు ఫోన్ చేస్తారని చెప్పాను.

"అపర్ణ గారూ, అది రిమోట్‌లో సున్నా నొక్కితే పోతుంది కదండీ? ఫోన్లోనే చెప్పేస్తాను మాస్టారికి."

"చెప్పకండి. షాపుకి తీసుకురమ్మనండి."

"షాపుకెందుకండీ?"

"మీ షాపు ఎదురుగా ఏముంది?"

సుధీర్‌కి ఇద్దరు పిల్లలు, ఇంట్లో ముసలి తల్లి. రోజూ షాపులో కూర్చుని ఎదురుగా ఉన్న బోర్డు చదువుతూనే ఉంటాడు.

"చెవుల డాక్టరు గారండీ," అన్నాడు. తర్వాత, "ఆదివారం పొద్దున్నే తెమ్మంటానండీ. డాక్టరు గారు పన్నెండింటికల్లా వెళ్లిపోతారు."

నాన్నగారు పాలు తెచ్చి, టీవీ పెట్టి, కాసేపు విని, కూలబడ్డారు. తర్వాత సుధీర్‌కి ఫోన్ చేసి, ఏం విన్నారో గానీ మొహం గంభీరంగా పెట్టుకుని వచ్చారు.

"లోపల బోర్డులోనే ఏదో ఉందట. షాపుకి తేవాలట. ఆలస్యం చేస్తే ముదిరిపోతుందట."

వీధిలో పిలిచిన వాళ్లందరికీ ఇంటింటికీ వెళ్లి ఆయనే స్వయంగా చెప్పి వచ్చారు, ఆదివారం సినిమా లేదని. వీధి చివరి ప్రసాద్ కారు మాట్లాడారు. పాఠకులు ఇక్కడొక సంగతి గమనించాలి. అమ్మని తీసుకెళ్దాం అనుకున్న ఆరు ఆదివారాలూ మేం బస్సనే అనుకున్నాం. స్పీకరు బస్సులో వెళ్లకూడదు. కుదుపులు తగులుతాయి.

"దీన్ని ఒళ్లో పెట్టుకోవడానికి ఒక మనిషి కావాలి," అన్నారు నాన్నగారు.

"అమ్మ వస్తుంది," అన్నాను.

పాత దుప్పటి చుట్టిన స్పీకరుని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని అమ్మ కారెక్కింది. చల్లపల్లి దాటేదాకా నాన్నగారు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నారు. "జాగ్రత్త. చాలా సున్నితం. గుంత వచ్చినప్పుడు కాస్త పైకెత్తి పట్టుకో. దానికేమైనా అయితే మళ్లీ బాగుచేయడం కష్టం." అమ్మ ఆయన పెదవుల వంక చూస్తూ అన్నిటికీ తలూపింది.

సుధీర్ స్పీకరుని రెండు చేతులా అందుకుని, లోపలి బల్ల మీద పడుకోబెట్టి, నాడి చూస్తున్నవాడిలా తల పంకించాడు.

"రెండు గంటలు పడుతుంది మాస్టారూ."

"పడితే పడనీ. నేనిక్కడే ఉంటాను," అన్నారు నాన్నగారు.

ఇంత దూరం వచ్చి, రోడ్డుకి ఇవతలే ఆగిపోతామా? ఏం చెప్పాలో ఆలోచిస్తూ నోరు తెరిచాను. నా మాట రాకముందే అమ్మ అంది:

"ఆపరేషన్ రూములో మీరేం చేస్తారు, రండి. ఎదురుగానేగా మీ శిష్యుడు. నాకు వినపడటం లేదండీ. చూపించుకుని వద్దాం."

అమ్మ ఆ మాట అనడం నేను వినడం అదే మొదటిసారి. ఎవరికీ తెలియనిది కాదు. అయినా నాన్నగారు కొత్తగా విన్నట్టు నిలబడిపోయారు. తర్వాత అమ్మ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించారు. హారన్లు వినపడవు కదా.

డాక్టరు గారు మాస్టార్ని చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. అమ్మ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినపడితే చెయ్యెత్తమన్నారు. అమ్మ చెయ్యి చాలాసేపు ఒళ్లోనే ఉంది. పరీక్ష అయ్యాక రెండు చెవులకీ మిషన్లు రాశారు. వచ్చే వారం వస్తాయి.

"ఇంకా ముందే తీసుకురావాల్సింది మాస్టారూ," అన్నారు నొచ్చుకుంటూ. "ఇన్నాళ్లు ఎందుకు ఆగారండీ?"

నాన్నగారు అబద్ధం చెప్పే మనిషి కాదు. తలొంచుకుని నిజమే చెప్పారు.

"ఇంట్లో సౌండు సరిగ్గా లేక ఆగాం నాయనా."

కాబట్టి పాఠకులారా, నా మాట వినండి. ఇంట్లో మనిషికి బాగోలేదని ఎన్నిసార్లు మొత్తుకున్నా కదలని మగవాళ్లు, వస్తువుకి బాగోలేదంటే తెల్లారేసరికి కారు మాట్లాడతారు. అందులో వాళ్ల తప్పేం లేదు. మనకే సరిగ్గా చెప్పడం రాదు. మీ ఇంట్లో ఎవరికైనా మోకాళ్ల నొప్పులున్నా, చూపు మందగించినా, వాయిదాల మీద వాయిదాలు పడుతున్నా, ఇక మొత్తుకోకండి. ఇంట్లోకెల్లా కొత్త వస్తువు ఏదో చూసి, దాన్ని శ్రద్ధగా పాడుచేయండి. వైద్యానికి బండి దానంతటదే వచ్చి గుమ్మం ముందు ఆగుతుంది. ఒళ్లో పెట్టుకునేందుకు ఒక మనిషి కావాలంటారు. అప్పుడు మీ మనిషిని ఎక్కించండి.